దేశానికి ముప్పు

“కారణం చెప్పం. చెబితే దేశ భద్రతకు ముప్పు,” అన్నాడు సర్కారు వకీలు. చేతిలో ఉన్న కాగితం తిప్పి చూడకుండానే అన్నాడు.

బల్ల మీద కూర్చున్న సమ్మవ్వ దిగ్గున లేచింది. “ఏం ముప్పు? షిఫ్టు చేసి బొగ్గుబాయి ఎక్కినోన్ని ఎక్కినట్టే జీపుల ఏసుకపోయిండ్రు. మొకం మీది బొగ్గన్న కడుక్కోనియ్యలే. గసొంటి మనిషితోని దేశానికి ముప్పా?”

“కూర్చో!” అని బంట్రోతు గద్దించాడు.

“కూసుంటే నా మొగన్ని తెచ్చిస్తవా నువ్వు?”

ఎమర్జెన్సీ రోజులు. సమ్మవ్వ గోదావరిఖని నుంచి రైలెక్కి పట్నంలోని పెద్ద కోర్టుకు వచ్చింది. విచారణ లేకుండా జైల్లో పెట్టే మీసా చట్టం కింద పట్టుకుపోయిన ఆమె మొగుణ్ని వదలమని ఆమె తరఫున గులాం అలీ వకీలు పిటిషన్ వేశాడు. ఆయన “పౌరుడి హక్కు...” అని మొదలుపెట్టాడో లేదో, జడ్జి చెయ్యెత్తి ఆపేశాడు.

“ముందు దేశం ఉంటే కదండీ హక్కులు!”

దాంతో సర్కారు వకీలుకు ఊపొచ్చింది. “పిటిషన్‌లోని ఈ లింగమూర్తి మామూలు కార్మికుడు కాడు మైలార్డ్! పోయినేడు సొంతూరు కాసిపేటలో బాంబుల ముఠాను కూడగట్టాడు.”

సమ్మవ్వకు ఒళ్లు మండింది. నోరు విప్పితే బాయిలో మొగుడి నౌకరి పోతుంది. కంపెనీ క్వార్టరూ పోతుంది. పోతే పోనీ, మనిషి దక్కాలి.

“కాసిపేట లింగమూర్తా? వాడు అమ్మవారు పోసి సచ్చి శానేండ్లాయె సార్! వానికొచ్చిన నౌకరిల నా మొగడు చేరిండు. ఈయన పేరు ఆగయ్య. బాయిల మా అసొంటోళ్లు ఎందరో గిట్లనే మారుపేరు మీద చేస్తరు.”

గులాం అలీ తల పట్టుకున్నాడు. “గీ ముచ్చట నాకెందుకు చెప్పలే, అక్కా?”

“నౌకరి పోతదని చెప్పలే, వకీలు సాబ్.”

జడ్జి మొదటిసారి ముందుకు వంగాడు. “అంటే లింగమూర్తి బతికి లేడు. ప్రమాణం చేసి చెబుతావా?”

“నా పిల్లల మీద ఒట్టు! వాని తల్లి ఐలవ్వ ఉన్నది, పిలిపిచ్చి అడుగుండ్రి. మీరు పట్టింది వేరే మనిషిని సార్. జల్ది ఇడిసిపెట్టుండ్రి. ఏడనన్న కూలికి పోయి బతుకుతం.”

సర్కారు వకీలు చేతిలోని కాగితం గబగబా తిప్పి చూశాడు. గెలిచాననుకుంది సమ్మవ్వ. కొంగుతో మొహం తుడుచుకుంది.

జడ్జి తీర్పు చెప్పాడు. “లింగమూర్తి చనిపోయాడని పిటిషన్ వేసిన మనిషే ఒప్పుకుంది. చనిపోయినవాడిని విడిపించమని కోర్టును అడగడం కుదరదు. పిటిషన్ కొట్టేస్తున్నాం.”

“మరి జైల్లో ఉన్న ఆగయ్య?” గులాం అలీ గొంతు చించుకున్నాడు.

సర్కారు వకీలు అప్పటికే తేరుకున్నాడు. నల్లకోటు సర్దుకుని నవ్వాడు.

“ఆగయ్యా? ఆ పేరు గలవాణ్ని మేం అరెస్టే చెయ్యలేదు మైలార్డ్!”