పన్నెండు వందల నాలుగు

"పన్నెండు వందల నాలుగు, మేడమ్," అన్నాడు పరిశోధక విద్యార్థి, ల్యాబ్ కంప్యూటర్ మీంచి తలెత్తకుండా.

పదిహేనేళ్ళ కిందట ప్రొఫెసర్ గారు రాసిన వ్యాసాన్ని తమ వ్యాసాల్లో ప్రస్తావించినవాళ్ళ లెక్క అది. అవార్డు దరఖాస్తులో వెయ్యాలి.

"బావుంది. వేసెయ్ నాన్నా."

"ఒక్కోటీ తెరిచి చూశాను మేడమ్. మూలకణాలు ఎలుకల్లో వాపు తగ్గిస్తాయని మొదటి పేరాలో మీ పేరు చెప్పేసి, అందరూ తమ దారిన తాము పోయారు. ప్రయోగం మళ్ళీ చేసి చూసింది ముగ్గురే."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"ఆ ముగ్గురికీ మీ ఫలితం రాలేదు. నాలుగేళ్ళుగా నాకూ రావట్లేదు. నీ చేతిలో నిలకడ లేదన్నారు మీరు. నిజమేననుకున్నాను. పిపెట్ పట్టుకున్నప్పుడల్లా నా వేళ్ళకేసే చూసుకునేవాణ్ణి."

"ఎలుకల జాతి తేడా అయ్యుంటుంది."

"మీకెన్నిసార్లు వచ్చింది మేడమ్?"

తుడిచిన అద్దాలనే ఆవిడ మళ్ళీ తుడిచారు.

"మొదటిసారి వచ్చింది."

"తర్వాత?"

"అప్పటికే అచ్చైపోయింది."

అతను తెర మీది జాబితాను చివరిదాకా జరిపాడు.

"మొన్న అచ్చైన నా వ్యాసాన్ని ఈ లెక్కలో కలపలేదు మేడమ్. అందులోనూ మొదటి వాక్యంలో మీ పేరే. తప్పు నా చేతిదే అనుకుని రాశాను."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని దరఖాస్తు దగ్గరికి లాక్కున్నారు.

"దాన్నీ కలుపు," అన్నారు.

అతను నాలుగు చెరిపేసి ఐదు కొట్టాడు. ఈసారి వేలు వణకలేదు.