మెరుపుపాముకు ఏ రేవు?

ఎండాకాలంలో ఆ అడవి చెరువుకు రెండే రేవులు మిగిలాయి. చెట్టునీడ ఉన్న రేవు రంగులున్నవాళ్ళది. అక్కడ నెమలి, పాలపిట్ట తాగేవి. ఎండ మాడ్చే రేవు మట్టిరంగు వాళ్ళది. అక్కడ కప్ప, ఎలుక, తొండ తాగేవి. ఎవరు ఎటు పోవాలో ఉడుము చెప్పేది.

మట్టిలో బతికే మెరుపుపాము ఒకరోజు దాహంతో బయటికొచ్చి, దగ్గర్లో ఉందని నీడ రేవులో దిగబోయింది.

"ఆగక్కడ, మట్టిమొహమా! నీ రేవు అటు," అంది ఉడుము.

పాము అటు పాకింది. ఎండ తగలగానే ఒళ్ళంతా ఇంద్రధనుస్సులా మెరిసింది. కళ్ళు చెదిరి కప్పలు గోల పెట్టాయి.

ఉడుము పరిగెత్తుకొచ్చింది. "ఇన్ని రంగులు పెట్టుకుని ఇక్కడేం పని? అటు పో!"

పాము మళ్ళీ నీడకు పోయింది. రంగులన్నీ ఆరిపోయాయి. నెమలి మొహం తిప్పుకుంది.

"మళ్ళీ వచ్చావా, మట్టిమొహమా?" అని ఉడుము తోక ఝాడించింది.

మెరుపుపాముకు ఒళ్ళు మండింది.

"ఏం మామా, ఎండలో ఒక జాతి, నీడలో ఇంకో జాతా నాది? నాకు విషం ఉందా, ఏం తింటాను, గుడ్లెక్కడ పెడతాను, ఒక్క మాటైనా అడిగావా? మీద పడ్డ వెలుగు చూసి జాతి తేలుస్తావా? రంగు మారింది గానీ నా దాహం మారలేదు!"

చర్రున చెరువు నడిమికి ఈది, తలెత్తి అరిచింది. "ఇదిగో, తాగుతున్నాను. ఇవి ఏ రేవు నీళ్ళో చెప్పు!"

ఉడుము చెరువంతా వెతికింది. నీళ్ళ మీద ఎక్కడా గీత కనపడలేదు.