కోటు చాటు తుపాకీ

"మూడు నిమిషాలే, వెండెల్. గంట మోగగానే కూర్చోవాలి" అంది మేయర్.

"నాకు ఒక్క నిమిషం చాలు" అంటూ వెండెల్ మైకు ముందుకొచ్చాడు. చూపు మాత్రం మేయర్ మీద లేదు. గోడకానుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డ పోలీసు చీఫ్ డారెల్ మీద ఉంది. నవ్వితే బుగ్గ సొట్టపడే ఆ మనిషిని చూస్తేనే వెండెల్‌కి కడుపు మంట.

ఆ సాయంత్రం ఊరి కౌన్సిల్ ముందున్నది ఒకటే విషయం. కోటు చాటున పిస్తోలు పెట్టుకుని తిరగడానికి ఇకమీదట పర్మిట్ అక్కర్లేదని ఒహాయో రాష్ట్ర అసెంబ్లీ కొత్త చట్టం తెస్తోంది. 'మాకది వద్దు, పర్మిట్ ఉండాల్సిందే' అని కౌన్సిల్ తీర్మానం చెయ్యాలని కౌన్సిలర్ కొలీన్ పట్టుబట్టింది. కొలీన్ అంటే వెండెల్ భార్యే. తీర్మానం తయారుచెయ్యడంలో ఆమెకు సాయపడింది డారెల్. రెండు నెలలుగా ఇంట్లో 'డారెల్ ఇలా అన్నాడు, డారెల్ అలా అన్నాడు' తప్ప మరో మాట లేదు. కట్టుకున్నవాడికి ఒళ్లు మండదూ మరి!

తీర్మానం నెగ్గదని ఊరందరికీ తెలుసు. ఐదుగురు కౌన్సిలర్లలో కొలీన్, బెర్నడీన్ ఇద్దరే దానివైపు. మిగతా ముగ్గురూ ఎదురే. అందులోనూ క్లిఫర్డ్ స్ట్రౌడ్‌కైతే కొలీన్ మాటంటేనే గిట్టదు. ఆమె నోరు విప్పితే చాలు, బల్ల గుద్ది లేచేవాడు. అయినా వెండెల్ పనిమాలా వచ్చాడు. డారెల్ మొహం మాడిపోతుంటే కళ్లారా చూడాలని ఆయనగారి ముచ్చట.

"నేను కార్లు బాగుచేసుకు బతికేవాణ్ణి" మొదలుపెట్టాడు వెండెల్. "పిస్తోలు కొన్నా. కొట్టువాడు ఇట్టే చేతికిచ్చాడు. దాన్ని కోటు లోపల పెట్టుకోవాలంటే మాత్రం రోజంతా క్లాసంట, వేలిముద్రలంట, ఆపైన వారాల తరబడి ఎదురుచూపులంట! నేనేమన్నా దొంగనా?"

హాల్లో చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది క్లిఫర్డ్. "అద్గదీ! చెప్పు వెండెల్, గట్టిగా చెప్పు! నిజాయితీపరుడి తుపాకీకి సర్కారు తాళమేంటి?"

"చాల్లే వెండెల్, కూర్చో" అంది కొలీన్ తల దించుకుని.

ముసలి కౌన్సిలర్ మెర్ల్ గొంతు సవరించుకున్నాడు. "అబ్బాయ్, నేను నీ పక్షమే. ఒక్క ముక్క బోధపళ్లేదు. బయటికి కనబడేట్టు నడుముకి కట్టుకుంటే మన రాష్ట్రంలో ఏ పర్మిటూ అక్కర్లేదు కదా. నా జన్మంతా అట్లానే తిరిగా. నీకు చాటుగానే ఎందుకు?"

"కనబడితే వాడు పారిపోడూ!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. అనుమానం పెనుభూతమంటారు, అది మైకు దొరికించుకుంటే ఇక ఆగుతుందా!

"నేను షెడ్డులో లారీల కింద పడి ఉంటే, నా ఇంటి వెనక మంచులో ఆ టైర్ల గుర్తులెవడివి? నా కుర్చీలో కూర్చుని నా కాఫీ తాగేదెవడు? వాడి దగ్గరికి నవ్వుతూ వెళ్లి, చెయ్యి కలిపి, అప్పుడు తీద్దామనుకున్నా. ఎవడో వాడికి తెలుసు! ఈ పాడు పర్మిట్ అడ్డం లేకపోతే పోయిన శనివారమే అయిపోయేది వాడి పని!"

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే తలలన్నీ డారెల్ వైపు తిరిగాయి. డారెల్ ఉలకలేదు.

"మీ ఇంటి వెనక దారుందనే నాకు తెలీదు వెండెల్" అన్నాడు. "ఆ పిస్తోలు ఇవాళే నా చేతికివ్వు. ఆనక నువ్వూ నేనూ మాట్లాడుకుందాం."

గంట మోగింది. వెండెల్ కుర్చీలో కూలబడ్డాడు. కొలీన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. చేసేదేముంది, ఓటింగు మొదలైంది. గుమస్తా ఒక్కొక్కరి పేరే పిలిచాడు.

కొలీన్ "అవును" అంది, వినీ వినబడకుండా. బెర్నడీన్ "అవును" అంది.

"మాట మార్చే వయసు కాదు నాది. కాదు" అన్నాడు మెర్ల్. అతని పక్కాయన కూడా "కాదు" అన్నాడు.

"క్లిఫర్డ్ స్ట్రౌడ్?"

గుమస్తా మళ్లీ పిలిచాడు. బయట మంచు కురుస్తుంటే క్లిఫర్డ్ రుమాలుతో మెడ మీద చెమట తుడుచుకుంటున్నాడు.

"అవును... పర్మిట్ ఉండాల్సిందే" అన్నాడు చివరికి. "వెండెల్‌కి మాత్రం అదీ ఇవ్వొద్దు!"