నీలిచంద్రుడి పడవవాడు

హైమావతి రోజూ పప్పుకి తాలింపు పెడుతూ గోడ మీది తెరలో ఒక పాత వీడియో ఆట పెట్టుకుంటుంది. ఓ పేరున్న అంతరిక్ష కథకి అనుబంధంగా వచ్చిన ఆట అది. అందులో నీలిచంద్రుడి మీద పడవ నడిపేవాడికి గొంతిచ్చింది ఆమె భర్త వామనరావు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఇప్పుడు ఆ కథ హక్కులున్న కంపెనీవాళ్లు మూలకథతో పొసగని ఆటలన్నిటినీ ఇంటింటి తెరల్లోంచి తుడిచేస్తున్నారు. ఆమె పొయ్యి కట్టేసి ఆ కంపెనీ ఆఫీసుకి పరుగెత్తింది.

"మూలకథలో ఆ చంద్రుడు ముందే పేలిపోయాడమ్మా. తర్వాత పడవవాడు బతికుంటే ఎలా?" అన్నాడు గుమాస్తా కిరీటి.

"ఉంటే ఎవరికేం నష్టం బాబూ? అది మా ఆయన గొంతు. నీకు దణ్ణం పెడతాను."

"ఒక్కటే దారి. పడవవాడు ఆ పేలుడులో పోయినట్టు మారిస్తే ఆట ఉంటుంది. మీ ఆయన గొంతులో పోయేముందు ఒక్క మాటే మిగులుతుంది. ఏది ఉంచమంటారు?"

ఆసుపత్రిలో నోట్లో గొట్టంతో ఆయన ఏమీ చెప్పకుండానే పోయారు. హైమావతి కొంగుతో మొహం తుడుచుకుంది.

"పడవ ఒడ్డుకి చేరగానే 'చూసుకుని దిగమ్మా' అంటారు. అది ఉంచండి. ఈసారన్నా ఆయన్ని చెప్పి పోనివ్వండి," అంటూ భర్త రెండో చావుకి సంతకం పెట్టింది.