చుక్కమ్మ నిలబడే చోటు

ముసలి బాతు బూడిదమ్మకు పొద్దు వాలుతుంటే దిగులు పుడుతుంది.

ఒకప్పుడు ఆ వేళకి మడుగు ఒడ్డున పిల్లల్ని వరసగా నిలబెట్టి, తను ఇటు చివర నుంచి, తోటి బాతు చుక్కమ్మ అటు చివర నుంచి లెక్కపెట్టేవాళ్ళు. తేడా వస్తే చోట్లు మార్చుకునేవాళ్ళు. "నీ వైపు నుంచి చూసొస్తా వదినా, నాదే పొరపాటేమో," అనేది చుక్కమ్మ. పోయిన ఎండాకాలం చుక్కమ్మ కన్నుమూసింది.

ఇప్పుడు పెత్తనం కుర్ర బాతులది. ఇరవై దాకా లెక్కపెట్టడం ఒక్కదానికీ రాదు.

ఆ సాయంత్రం ఒకటి, "ఇరవై పిల్లలూ వచ్చేశాయి," అంది. ఇంకొకటి, "పంతొమ్మిదే," అంది.

"నీకు కళ్ళు లేవు!"

"నీకు బుర్ర లేదు!"

మందంతా రెండుగా చీలి అరుచుకుంది. చివరికి గొంతు పెద్దదైన వాళ్ళు చెప్పిన ఇరవయ్యే ఖాయమై, అందరూ గూట్లో దూరి పడుకున్నారు.

బూడిదమ్మకు మనసు ఒప్పలేదు. వరసగా ముడుచుకున్న పిల్లల్ని ఇటు నుంచి లెక్కపెట్టింది. పంతొమ్మిది. తనదే పొరపాటేమోనని కాళ్ళీడ్చుకుంటూ అటు చివరికి వెళ్ళి, చుక్కమ్మ నిలబడే చోట నిలబడి మళ్ళీ లెక్కపెట్టింది. పంతొమ్మిదే.

తను వదిలి వచ్చిన చోటు వైపు తిరిగి, "నీకెంత వచ్చింది వదినా?" అని మెల్లగా అడిగి, ఊరుకుంది.

ఆ నిశ్శబ్దంలో, మడుగు అవతల తుంగలోంచి ఒక పిల్ల గొంతు వినిపించింది. ఎప్పటినుంచి పిలుస్తోందో, బొంగురుపోయింది.