తిప్పేస్వామి కాపాడిన రాయి

"ఇదీ వట్టిదే అయివోరా," అంటూ తిప్పేస్వామి గడ్డపార పక్కన పడేసి గుంతలోంచి పైకొచ్చాడు.

అది పదకొండో గుంత. వెంకటేశులు అయ్యవారు వంగి చూశాడు. పైన గరుసు, దాని కింద సుద్ద. రాయీ లేదు, రాయి పాతిన ఆనవాలూ లేదు. చేతిలో ఉన్న టేపును నేలకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. అది బడి టేపు కాబట్టి ఊరుకున్నాడు.

మూడేళ్ళుగా ఇదే వరస. అనంతపురంలో ఒక పాత కాగితాల కట్టలో ఆయనకు పటం ఒకటి దొరికింది. నలభై ఏళ్ళ కిందట ఎవరో సర్వే దొర గీసింది. గార్లదిన్నెకు రెండు కోసుల దూరంలో, ఈ ఊరి మెట్టపొలంలో నిలువెత్తు రాయి ఒకటి. దానికి ఐదు గజాల పడమరగా, ఇరవై గజాల వెడల్పున నేలలో కూరుకుపోయిన రాళ్ళ వలయం. రాత పుట్టకముందు మనుషులు తమ చనిపోయినవాళ్ళ కోసం పేర్చుకున్నది. నిలువురాయి కళ్ళెదుటే ఉంది, తిప్పేస్వామి చేనుకూ బయమ్మ చేనుకూ నడుమ గట్టుమీద, హద్దురాయిగా. వలయం మాత్రం భూమి మింగినట్టు మాయమైంది.

మర్నాడు హైదరాబాదు నుంచి ఆఫీసరు వస్తున్నాడు. వలయంలోది ఒక్క రాయి చూపిస్తే చాలు, ఈ చోటుకు సర్కారు కంచె వేస్తుంది. చూపించలేకపోతే నిలువురాయి, కాలువ కట్టడానికి రాళ్ళు పోగేస్తున్న కంట్రాక్టరు పాలవుతుంది. రాళ్ళు కొట్టేవాళ్ళు అప్పుడే వచ్చి ఊరి బయట గుడిసెలు వేసుకున్నారు.

"ఇంత తవ్వినా ఒక్కటన్నా తగలకపోతే ఎట్లప్పా? మీ పెద్దోళ్ళు ఏమన్నా చెప్పినారా?"

"మా తాత కాలం నించీ ఈ రాయి ఈడనే ఉండాది అయివోరా. మా ఇంటి దేవుడు." తిప్పేస్వామి రాయిని తాకి కళ్ళకద్దుకున్నాడు. "ఏటా ఏరువాక ముందర మా ఇంటోళ్ళమే శాంతి చేస్తాం. ఆ పొద్దు ఇంగెవురూ ఈ పక్క రాకూడదు. వస్తే కండ్లు పోతాయి."

రాయి మొదట్లో మన్ను ఇంకా గుల్లగానే ఉంది. అయ్యవారి చూపు అటు పడగానే, "మొన్న శాంతికి బిందెలు బిందెలు నీళ్ళు పోసినాంలే," అని తిప్పేస్వామి కాలితో తొక్కి గట్టిచేశాడు.

అయ్యవారికి మనసు కరిగిపోయింది. ఊరంతా తనను రాళ్ళ పిచ్చోడని నవ్వుతుంటే, ఈ ఒక్కడే కూలి అడగకుండా తవ్విపెడుతున్నాడు. చదువు లేకపోయినా రాయి విలువ తెలిసినవాడు!

అంతలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని బయమ్మ వచ్చింది. పక్క చేను ఆమెదే. మొగుడు పోయి పదేళ్ళయింది.

"అయివోరా, మీకొక మాట చెప్పల్ల. నా చేను ఏటేటికీ చిక్కిపోతాండాది."

"వానల్లేకుంటే అందరి చేలూ అంతే కదమ్మా," అని అయ్యవారు విసుక్కున్నాడు. "కరువు సంగతి తాసిల్దారుకు చెప్పుకో పో. నా బాధ నాకుండాది."

"అది కాదు అయివోరా…"

"పోమ్మే!" అని తిప్పేస్వామి కసిరాడు. ఆమె వెళ్ళాక నవ్వి, "మొగుడు పోయినప్పటి నించీ అంతే. ఏందేందో మాట్లాడతాంటాది," అన్నాడు.

మధ్యాహ్నం తిప్పేస్వామి ఇంటి నుంచి సంగటీ, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడీ వచ్చాయి. మూడేళ్ళుగా అయ్యవారు తినే చోటు ఒకటే. గట్టుకు నలభై గజాల అవతల, తిప్పేస్వామి చేను నడుమ ఉన్న వేపమాను నీడ. నేలకు సమంగా తేలిన బండ ఒకదానిమీద కూర్చుని ముద్ద మింగాడు. చుట్టూ అలాంటివే ఇంకొన్ని. ఈ సీమలో ఎక్కడ చూసినా రాళ్ళే, తనకు కావలసినవి తప్ప.

మర్నాడు ఆఫీసరు జీపు దిగి పదకొండు గుంతల్లోకీ తొంగిచూశాడు.

"పటమైనా తప్పయ్యుండాలి, మీ కొలతైనా తప్పయ్యుండాలి మాస్టారూ."

"కొలత తప్పలేదు సార్. మూడు తూర్లు కొలిచినాను."

"అయితే వలయం లేనట్టే. ఒంటిరాయికి నేనేం చెయ్యలేను."

కాగితం మీద రెండు ముక్కలు రాసి వెళ్ళిపోయాడు. జీపు రేపిన దుమ్ము అయ్యవారి పంచె మీద పడింది. మూడేళ్ళ కష్టం ముప్పావుగంటలో బూడిదలో పోసినట్టయింది.

ఆ పూటే రాళ్ళు కొట్టేవాళ్ళు ఉలులు దించారు. రాయి నాలుగు ముక్కలైంది. తిప్పేస్వామి గట్టుమీద బోర్లాపడి, "నా దేవుడు పోయినాడే!" అని గుండెలు బాదుకున్నాడు. అతన్ని లేవదీస్తూ అయ్యవారు కూడా కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

తల ఎత్తేసరికి ఎదురుగా బయమ్మ. కొంగులో బెల్లం పోసుకుని, రాళ్ళు కొట్టేవాళ్ళకు తలా ఒక ముక్క పంచుతోంది. అయ్యవారికి ఒళ్ళు మండిపోయింది.

"నీకు మనసనేది ఉండాదామ్మా? దేవుడు పోయినాడని ఆయప్ప ఏడుస్తాంటే నువ్వు బెల్లం పంచుతావా? ఆ రాయి నీకేం చెరుపు చేసింది?"

బయమ్మ ఆయన చేతిలోనూ ఒక బెల్లం ముక్క పెట్టింది. ఏడుస్తున్న తిప్పేస్వామి తలమీదుగా, పడమటి వేపమాను వైపు వేలు చూపించింది.

"నేను కాపరానికొచ్చినప్పుడు ఆ రాయి ఆ మాను కాడుండె అయివోరా."