బాదంగింజంత

“అందరికీ ఉండేది నా బిడ్డకు లేదు మేడం!” కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అనేసింది సుకన్య. ఒళ్లో నాలుగేళ్ల ధాత్రి కాళ్లాడిస్తోంది.

పంజాగుట్ట సందులోని ఆ చిన్న క్లినిక్‌లో డాక్టర్ అరుణాదేవి చీటీ మీద పాప పేరు రాసి తలెత్తింది. “ఏంటమ్మా లేనిది?”

“ఉమ్మి గ్రంథి. దవడ కింద అటొకటి, ఇటొకటి, బాదంగింజంత ఉంటదంట కదా? మా పక్క హాస్టల్ల మంజూష అని ఉంటది, అమీర్‌పేటల మెడికల్ కోడింగ్ నేర్చుకుంటది. బొమ్మ చూపించి మరీ చెప్పింది. ఇది ముద్ద పెడితే బుగ్గలనే పెట్టుకుంటది, మింగదు. ఉమ్మి ఊరకనే కదా మేడం!”

వెనక నిలబడ్డ అత్త మంగవ్వ మూతి తిప్పింది. “ఫోన్ చూసుకుంట తింటే ఏ పిల్ల మింగుతది డాక్టరమ్మా? పొద్దుమాపు దాని గొంతు పిసుకుడే ఈమె పని. తల్లిని చూస్తే పోరి దూరం ఉరుకుతది.”

“నువ్వు జర ఊకో అత్తమ్మా!” సుకన్య వెనక్కి తిరిగి కసిరింది.

అరుణాదేవి సొరుగులోంచి నిమ్మ చాక్లెట్ తీసి ధాత్రి నోట్లో పెట్టింది. కాసేపాగి నాలుక పైకెత్తమంది. నాలుక కింద తడి ఊటలా ఉబికింది.

“చూశావా? దవడ కింది గ్రంథిలో తయారైన లాలాజలం సన్నటి గొట్టంలోంచి ఇక్కడికొస్తుంది. చెవుల ముందు రెండు, దవడ కింద రెండు, నాలుక కింద రెండు. నీ కూతురికి అన్నీ ఉన్నాయి.”

సుకన్య గుండె కొంచెం కుదుటపడింది. అయినా అనుమానం పోలేదు. “మరి చేతికి తగులుతలేదేంది? ఎంత ఒత్తినా మెత్తగనే ఉంది.”

“మెత్తగానే ఉండాలమ్మా. గట్టిగా తగలకూడదు.”

“గట్లెట్ల మేడం? నాది తగులుతది కదా! రోజూ ముందు నాది పట్టి చూసుకునే, దానిది చూస్తున్న.”

మంగవ్వ ఫక్కున నవ్వింది. డాక్టరూ నవ్వుతూనే చెయ్యి చాపింది. “ఏదీ, చూడనీ.”

ఆమె వేళ్లు సుకన్య ఎడమ దవడ కింద ఆగాయి. కుడివైపుకి వెళ్లి, మళ్లీ ఎడమకే వచ్చాయి. ఈసారి గట్టిగా ఒత్తాయి. డాక్టర్ ముఖంలో నవ్వు లేదు.

“నొప్పి ఉందా? ఎన్నాళ్ల నుంచి ఉందిది?”

“నాదెందుకు మేడం, నేను మంచిగనే ఉన్న. పాపకు ఫికర్ లేదు కదా?”

“పాపకేం లేదమ్మా.” అరుణాదేవి చీటీ మీద ధాత్రి పేరు కొట్టేసింది. “నీ పేరు చెప్పు.”